తడి చెయ్యి

రెండు నెలల కిందట ఒక ఆదివారం ఉదయం మా చర్చిలో అందరి ముందూ నిలబడి ఒక తప్పు ఒప్పుకున్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా మోసిన తప్పు. ఆరాధన అయ్యాక జనం వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "బరువు దిగిపోయింది కదండీ" అన్నాడు ఒకాయన. తల ఊపాను.

దిగలేదు. నేను చెప్పింది సగమే.

మిగిలిన సగం ఇక్కడ రాస్తాను. మీరెవరో నాకు తెలియదు, నాకు కావలసిందీ అదే. తెలిసినవాళ్ళకి చెబితే ఓదారుస్తారు. ఓదార్పులతో విసిగిపోయాను. మా ఆవిడా పిల్లలూ ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్నవాళ్ళు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఈ కాగితాలు బల్ల మీద వదిలేసి స్నానానికి వెళ్ళినా ఇంట్లో ఎవరికీ అర్థం కావు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ధైర్యం అనొచ్చా దీన్ని? ఏమో.

మొదటినుంచీ చెప్పకపోతే మీకు తెలియదు. కాబట్టి చర్చిలో చెప్పినదీ మళ్ళీ చెబుతాను, చెప్పనిదీ చెబుతాను.

నేను పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లో. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి కలప పనికని ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేశాను. పడవల నమూనాలు గీయాలని కోరిక. ఆ ఉద్యోగం రాలేదు. రెండేళ్ళు ఖాళీగా తిరిగాక మిన్నీ బే దగ్గర ఒక రేకుల షెడ్డులో పని దొరికింది. సాసులు, పచ్చళ్ళు చేసే చిన్న కంపెనీ. యజమాని దాస్ బాబు. వాళ్ళూ మాలాగే వలస వచ్చి స్థిరపడిన బెంగాలీలు. మంచివాడు. నా సంగతి చెప్పేటప్పుడు ఆయన మంచివాడని చెప్పడం అవసరం, ఎందుకంటే నిజం చెప్పి ఉంటే నన్ను ఆయన నరికేసేవాడేమీ కాదు.

అప్పట్లో మాకు విశాఖపట్నం వెళ్ళాలంటే ఓడే. మూడు రోజుల ప్రయాణం. క్యాంటీన్‌లో అన్నం, పప్పు చప్పగా ఉండేవి. అందరూ ఇంటి నుంచి పచ్చడి సీసాలు తెచ్చుకునేవాళ్ళు. సముద్రం లేస్తే సీసాలు దొర్లేవి, పగిలేవి, పడక బంకుల కింద నూనె మడుగు కట్టేది. ఇది చూసి దాస్ బాబుకి ఒక ఆలోచన వచ్చింది. ఒక మనిషికి ఒక పూటకి సరిపడేంత పచ్చడి చిన్న ప్యాకెట్‌లో పెట్టి క్యాంటీన్‌కి ఇస్తే? మామూలు చతురస్రపు ప్యాకెట్లు చేయించి చూశాడు. చింపగానే పచ్చడి ఒక్కసారిగా చిమ్మేది. చొక్కాల మీద, పక్కవాడి పళ్ళెంలో, ఎక్కడ పడితే అక్కడ. ఓడలో పళ్ళెం పట్టుకోవడానికి ఒక చెయ్యి పోతుంది. మిగిలేది ఒక్క చెయ్యి.

"ఒక్క చేత్తో పిండుకునేలా ఉండాలి. బనా సక్తే హో?" అని అడిగాడు.

చేయగలనన్నాను.

నాలుగు నెలలు ఆ ఒక్క ప్యాకెట్‌తో బతికాను. పాత క్యాలెండర్ కాగితాలు కత్తిరించి ఆకారాలు చేశాను. మొదట గుడ్డులా, తర్వాత గరాటులా, చివరికి చేపలా. పొట్ట వెడల్పు, మూతి సన్నం. బొటనవేలితో పొట్ట నొక్కితే మూతిలోంచి సన్నటి ధారగా పచ్చడి రావాలి. వేలు తీస్తే ఆగిపోవాలి. ముందు నీళ్ళు నింపి చూశాను, తర్వాత సాసు, తర్వాత పచ్చడి. పచ్చట్లో రొయ్య ముక్క అడ్డుపడి మూతి మూసుకుపోయేది. బలంగా నొక్కితే పక్కల చిట్లేది. ఎన్ని ప్యాకెట్లు పాడుచేశానో చెప్పలేను. షెడ్డు గోడ నిండా మరకలే.

ఆ పచ్చడి చేసేది ఎస్తేరు.

మావైపు అక్కని అప్ప అంటాం. ఎస్తేరప్పా అని పిలిచేవాణ్ణి. నాకంటే పదేళ్ళు పెద్దది. జంగ్లీఘాట్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. మా చర్చి మనిషే. భర్త చిన్న బోట్ల మీద పనిచేసేవాడు, జ్వరంతో పోయాడు. ఎనిమిదేళ్ళ కూతురు ఉంది, రూతు. దాస్ బాబు షెడ్డులో ఎండురొయ్యల చింతపండు పచ్చడి ఆమె చేతిమీదే జరిగేది. చర్చిలో ప్రేమ విందు జరిగితే వంట ఎవరు చేసినా పచ్చడి బేసిన్ మాత్రం ఎస్తేరప్ప ఇంటి నుంచే రావాలి. విందు అయ్యాక అడుగున అంటుకున్నది అన్నంతో తుడిచి తినేవాళ్ళు. నేనూ తిన్నాను ఎన్నోసార్లు.

పని మొదలుపెట్టే ముందు ఆమె చేతులు కడుక్కునేది. నడుముకి దోపిన తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకునేది. తర్వాత షెడ్డు బయటికి వెళ్ళి ఎండలో రెండు చేతులూ ముందుకి చాచి నిలబడేది, పూర్తిగా ఆరేదాకా. వానరోజుల్లో పొయ్యి సెగకి చాచేది. మేం నవ్వేవాళ్ళం.

"నవ్వండి నవ్వండి. తడి తగిలిందంటే పచ్చడి సచ్చిపోద్ది" అనేది.

నా చేప మూతికి సరిపడాలని పచ్చడి మెత్తగా, రెండుసార్లు రుబ్బి ఇచ్చింది. విసుక్కోలేదు. ఆ మూతి పనిచేసిందంటే సగం ఆమె పుణ్యమే. ఆ మాట నేను ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఇదొక చిన్న తప్పు. పెద్ద తప్పు పక్కన ఇది కనిపించదు, అంతే.

ఇప్పుడు అంచు సంగతి. ప్యాకెట్‌కి రెండు ప్లాస్టిక్ పొరలుంటాయి. కాలితో తొక్కే సీలింగ్ మిషను వేడితో వాటి అంచులు అతుక్కుంటాయి. మూతి చుట్టూ అంచు ఎంత వెడల్పు ఉండాలన్నది నా నిర్ణయం. మొదట చిటికెనవేలి గోరంత పెట్టాను. గట్టిగా నిలిచింది. కానీ మూతి మొద్దుగా ఉంది. పెదవులు వాచిన చేపలా. నాకు నచ్చలేదు. సగానికి తగ్గించాను. అప్పుడు మూతి సన్నగా, తీరుగా వచ్చింది. వేలితో చింపితే నూలుపోగులా తెగింది. అందంగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నా అదే మాట వచ్చింది చూడండి. అందంగా ఉంది.

సన్నంచు ప్యాకెట్లు పది తీసుకుని, పాత వార్తాపత్రిక మీద పరిచి, పైన చెక్కపెట్టె బరువు పెట్టి ఇంటికి వెళ్ళాను. మర్నాడు పొద్దున పెట్టె ఎత్తి చూస్తే కాగితం మీద రెండుచోట్ల నూనె మరకలు. పదింట్లో రెండు ఊరాయి. పెట్టె మరీ బరువైందిలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు చాలా తేలికైంది. కాగితం నలిపి పొయ్యిలో పడేశాను. ఎవరూ చూడలేదు.

ఎస్తేరప్ప మాత్రం ప్యాకెట్లు నింపి సీలు వేసేటప్పుడు ఆ లోపం తనంతట తానే పట్టుకుంది.

"తమ్ముడా, మూతికాడ నూనె ఊరతంది. అంచు సాలదు. కొంచెం ఎడల్పు పెట్టు" అంది.

"మిషన్ వేడి పెంచప్పా, సరిపోతుంది" అన్నాను.

"పెంచితే కాలిపోతంది."

"నేను చూసుకుంటాన్లే."

చూసుకోలేదు. ఆ వారమే మద్రాసు నుంచి ఒక పెద్ద కంపెనీ మనిషి వచ్చాడు. నా చేపని అరచేతిలో పెట్టుకుని నొక్కి చూశాడు, మళ్ళీ నొక్కాడు, నవ్వాడు. "ఎవరు చేశారిది?" అన్నాడు. దాస్ బాబు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుస్తుంది. అంతకుముందు నా జీవితంలో ఎవరూ నన్ను చూపించి ఏదీ చెప్పలేదు. మరుసటి వారం ఓడకి పెట్టెలకొద్దీ ప్యాకెట్లు వెళ్ళాయి. సన్నంచువే.

మూడో రోజు, ఓడ ఇంకా రేవు చేరకముందే, వైర్‌లెస్‌లో కబురొచ్చింది. పెట్టెల్ని ఓడ వంటగది పక్కన వేడిలో పెట్టారట. ప్యాకెట్లు మూతుల దగ్గర ఊరి, లోపలికి గాలి తీసుకుని, ఉబ్బిపోయాయి. వాసన తెలియక కొందరు తినేశారు. చాలామందికి వాంతులు. విశాఖలో ఒక ముసలావిణ్ణి స్ట్రెచర్ మీద దింపారు. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకుంది. ఆమె పేరు నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు.

దాస్ బాబు షెడ్డులో అందరినీ పిలిచాడు. నలుగురం. చేతిలో ఉబ్బిన ప్యాకెట్ ఒకటి ఉంది. అదే విడతలో సీలు వేసి, ఓడకి పంపకుండా ఇక్కడ మిగిలిపోయిన పెట్టెలోది. ఆయన అరవలేదు.

"గడ్‌బడ్ కహా హుయీ? సచ్ బోలో" అన్నాడు. ఎక్కడ పొరపాటు జరిగిందో నిజం చెప్పమన్నాడు. ముందు నా వైపే చూశాడు.

ప్యాకెట్ మూతి తడిగా మెరుస్తోంది. నాకది కనిపిస్తూనే ఉంది. అంచు గురించి చెబుదామనే నోరు తెరిచాను. ఇది నిజం, నమ్మండి. నమ్మకపోతే ఎందుకని మిమ్మల్ని అడగలేను. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఉస్‌కా హాథ్ గీలా థా."

ఆమె చెయ్యి తడిగా ఉంది.

ఎందుకు ఆ మాటే వచ్చింది? అంత సులువుగా, ఎప్పటినుంచో సిద్ధం చేసి పెట్టుకున్నట్టు? చాలాసార్లు అడుక్కున్నాను. పచ్చడి చెడితే ఎవరైనా ముందు అనేది అదే కదా. ఎవరో తడి చెయ్యి పెట్టారు అని. ఇక రుజువు అడగరు. ఎదురు ప్రశ్న వెయ్యరు. నాకు అది తెలుసు. తెలిసే అన్నాను. హిందీలో అన్నాను. ఆమెతో ఎప్పుడూ తెలుగే మాట్లాడేవాణ్ణి. తెలుగులో ఆ మాట అనడానికి నోరు రాలేదేమో.

అంచు చాలదని నాకు ముందే చెప్పిన సంగతి ఎస్తేరప్ప అక్కడే అనొచ్చు. ఆ మాట వస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె తన రెండు చేతులూ పైకెత్తి చూసుకుంది. తిప్పి చూసుకుంది. మళ్ళీ తిప్పింది. అక్కడ ఏదో రాసి ఉందేమో అన్నట్టు. అంతే. ఆ మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు.

ఆ మర్నాడే నేను అంచు వెడల్పు చేశాను. గోరంత. "జాగ్రత్త కోసం" అన్నాను దాస్ బాబుతో. ఆయన మెచ్చుకున్నాడు. తడి చేతివల్ల చెడితే అంచు ఎందుకు మార్చావని ఒక్కరూ అడగలేదు. ఆ తర్వాత ఒక్క ప్యాకెట్ కూడా ఊరలేదు.

ఊరు చిన్నది. ఓడ మీద తెలుగువాళ్ళు ఎక్కువ. వారం తిరక్కుండా విషయం జంగ్లీఘాట్ అంతా పాకింది. ఎస్తేరు తడి చేత్తో పచ్చడి నింపి జనాన్ని జబ్బుపరచిందట అని.

ఆ ఏడాది కోతపండగ విందుకి ఎస్తేరప్ప ఎప్పటిలాగే పచ్చడి తెచ్చింది. స్టీలు బేసిన్, పైన తెల్ల గుడ్డ. ఎవరూ ఆమెని రావద్దనలేదు. పచ్చడి తేవద్దనీ అనలేదు. మా వాళ్ళు మర్యాదస్తులు. వరసలో ఒక్కొక్కరూ అన్నం పెట్టించుకుని, కూర వేయించుకుని, బేసిన్ దగ్గరికి వచ్చేసరికి పక్కవాళ్ళతో మాటల్లో పడి ముందుకి జరిగిపోయారు. ఒక చిన్నపిల్ల చెయ్యి చాపింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుని లాగింది. ఎస్తేరప్ప గరిటె పట్టుకుని బేసిన్ వెనకాల నిలబడే ఉంది. రూతు ఆమె కొంగు పట్టుకుని నిలబడింది.

నా వంతు వచ్చింది. ఆ పచ్చట్లో తప్పేమీ లేదని ఆ హాల్లో తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. ఒక్క గరిటెడు వేయించుకుని ఉంటే చాలు. నా వెనకాల ఇంకొకరు వేయించుకునేవారు, వారిని చూసి ఇంకొకరు. నాకు ఆకలిగానే ఉంది కూడా. నేను పళ్ళెం పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయాను. తింటే నా మాట నేనే కాదన్నట్టు అవుతుందని ఆ క్షణంలో లెక్క వేసుకున్నాను. అంత తొందరగా ఎలా తట్టింది నాకు?

తిరిగి వెళ్ళేటప్పుడు బేసిన్ వచ్చినంత బరువుగానే ఉంది. గుడ్డ చుట్టి, ముడివేసి, చంకన పెట్టుకుని వెళ్ళింది.

రెండు నెలలకి వేరే దీవిలో, రంగత్‌లో, తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయిందని విన్నాను.

నా సంగతి బాగానే గడిచింది. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని దాచకూడదు. చేప ప్యాకెట్ ఓడల్లో నిలిచింది, హోటళ్ళలోకి వెళ్ళింది. మద్రాసు కంపెనీకి ఇంకో రెండు ఆకారాలు చేసి ఇచ్చాను. ఊళ్ళో ఎవరికి ఏది ప్యాకింగ్ చేయించుకోవాలన్నా నన్ను పిలిచేవారు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టాను. చర్చి కమిటీలో పెద్దనయ్యాను. చర్చిలో చెప్పేదాకా మా ఆవిడకి కూడా ఈ సంగతి చెప్పలేదు. మా ఇంట్లో పచ్చడి జాడీలోకి నేను చెయ్యి పెట్టను. ఎందుకని ఒకసారి అడిగింది. అలవాటు లేదన్నాను.

అయిదు నెలల కిందట చర్చిలో ప్రకటనల్లో చదివారు, రంగత్‌లో ఉంటున్న మన పూర్వ సభ్యురాలు ఎస్తేరమ్మ ప్రభువునందు నిద్రించారని. చాలామందికి ఆమె ఎవరో తెలియదు. నేను ఆ వారం ఎలా గడిపానో రాయను. రెండు వారాల తర్వాత పొద్దున్నే రంగత్ బస్సెక్కాను. నీటిపాయల దగ్గర బస్సునే బల్లకట్టు మీద దాటిస్తారు.

రూతు రంగత్ బజార్లో కుట్టుమిషను పెట్టుకుని ఉంది. నలభై దాటింది. నన్ను గుర్తుపట్టి "రండి మావయ్యా" అంది. కుర్చీ తుడిచి వేసింది. తల్లిని చూసిన మనిషి వచ్చాడని ఆ పిల్లకి ఎంతో సంతోషంగా ఉంది. అందుకే వచ్చిన పని వెంటనే ఎత్తలేదు. తనే చెప్పుకుపోయింది. వాళ్ళమ్మ రంగత్‌లో ఒక బడిలో ఊడ్చే పని చేసిందట. పిల్లలకి వంట చేసే పని ఇస్తామన్నారట, అదైతే సుఖంగా ఉంటుందని. ఒప్పుకోలేదట. ఇంట్లో కూడా తొమ్మిదో ఏటినుంచి రూతే వండేది.

"నాకు జుట్టు దువ్వాలన్నా ముందు చేతులు నా బుగ్గకి ఆనించేది మావయ్యా. పొడిగా ఉన్నాయా సూడవే అని. ఉన్నాయమ్మా అంటే మళ్ళీ తుడుచుకునేది. చివర్లో చర్మం పగిలిపోయి రక్తం వచ్చేది. డాక్టర్ సాబ్ తువ్వాలు లాక్కోమన్నాడు. లాక్కుంటే కొంగుతో తుడుచుకునేది."

అప్పుడు చెప్పాను. అంచు సంగతి, వార్తాపత్రిక మీద మరకలు, ఆమె నన్ను హెచ్చరించిన సంగతి, షెడ్డులో నేనన్న మాట. రూతు కుట్టుమిషను ఆపింది.

"అంటే మా అమ్మ చెయ్యి..."

"పొడిగానే ఉందమ్మా. ఆ పచ్చడి నింపిన రోజు పొద్దున కూడా ఎండలో ఆరబెట్టుకోవడం నేను చూశాను."

నన్ను తిడుతుందని, ఏడుస్తుందని అనుకున్నాను. సూదిలోంచి దారం జారిపోయి ఉంది. మళ్ళీ ఎక్కించింది. రెండుసార్లు తప్పింది.

"నాకెందుకు చెప్తున్నారు ఇది? మా అమ్మని ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి."

"చెబుతాను. నువ్వూ వస్తావా?"

"నేను రాను. మీ బస్సు టైమ్ అయిపోతోంది."

టీ తెప్పించింది అంతకుముందే. గ్లాసు నా పక్కనే ఉంది. తాగమనలేదు. తాగకుండా వచ్చేశాను.

చెప్పడానికి మరో రెండు నెలలు పట్టింది నాకు. ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. రూతుకి చెప్పినదే చెప్పాను. ఎస్తేరప్ప పేరు మూడుసార్లు పలికాను, అందరికీ వినపడాలని. వెనక వరసలో ఒక ముసలావిడ ముఖం దించుకుంది. ఆ రోజు విందులో పిల్ల చెయ్యి లాగిన తల్లి ఆమే. మిగతావాళ్ళు చాలామంది కొత్తవాళ్ళు. మా పాస్టరు చిన్నవాడు, మంచివాడు. ఆయన లేచి, ఇంత వయసులో ఇంత ధైర్యంగా ఒప్పుకున్న సహోదరుడి కోసం దేవునికి స్తోత్రం చెల్లిద్దామన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. తర్వాతి పాట నంబరు చెప్పారు.

బయటికి వచ్చాక చేతులు కలిపారు. నా మంచితనం మెచ్చుకున్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది, ఎస్తేరు కోసం కాదు, నా కోసం. చూశారా, ఆమె మీద అబద్ధం చెప్పి ఒకసారి పైకి వచ్చాను, ఆ అబద్ధం ఒప్పుకుని మరోసారి పైకి వచ్చాను. ఇక ఇది భరించలేక రాస్తున్నాను.

రూతుకీ చెప్పనిది, చర్చిలోనూ చెప్పనిది ఇది.

ఎస్తేరప్పని నేను మళ్ళీ ఒకసారి చూశాను. ఆమె రంగత్ వెళ్ళిన తొమ్మిదేళ్ళకి. ఫీనిక్స్ బే రేవులో, రంగత్ బోటు టికెట్ల వరసలో. నేను వేరే దీవికి సరుకు పంపించడానికి వెళ్ళాను. సన్నబడిపోయింది. నడుముకి తువ్వాలు అలాగే ఉంది. తప్పించుకుని వెళ్ళిపోదామనుకున్నాను. ఆమె వరస వదులుకుని నా దగ్గరికి వచ్చేసింది. చుట్టూ పోర్టర్లు, మూటలు, అరుపులు. నా మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకి తీసుకెళ్ళింది.

"ఏటి తమ్ముడా, బాగున్నావా? పిల్లలా?"

బాగున్నానన్నాను.

"నిన్నొక మాట అడగాలని ఎన్నాళ్ళనుంచో. కోప్పడకు. ఆ రోజు నా సెయ్యి తడిగా ఉండడం నువ్వు నీ కళ్ళతో సూసావా?"

నేను టికెట్ల వరస వైపు చూశాను.

"నాకు గురుతు నేదు. తుడుసుకున్నాననే అనిపిస్తాది. ఎంత ఆలోసించినా అలాగే అనిపిస్తాది. అందుకే అడుగుతున్నాను. సచ్ బోల్, తమ్ముడా. నువ్వు ఏటి సెప్తే అది నమ్ముతాను."

ఆ రోజు నాకు భయపడవలసినది ఏదీ లేదు. ఇది మీరు గమనించాలి. దాస్ బాబు కంపెనీ అమ్మేసి కలకత్తా వెళ్ళిపోయాడు. చేప ప్యాకెట్ నాది కాదని ఎవరూ అనలేరు. అంచు తప్పని చెప్పినా నన్ను ఎవరూ ఏమీ చేసేవారు కాదు. అక్కడ ఆమె, నేను, అంతే. షెడ్డులో అన్న మాటకి కనీసం భయం అని ఒక పేరు పెట్టుకోవచ్చు. దీనికి ఏ పేరు పెట్టాలో ఇన్నేళ్ళయినా దొరకలేదు. ఆమె కళ్ళలో చూసి ఆ అబద్ధం నాదని ఒప్పుకోవడం కంటే ఇంకొకసారి చెప్పడమే సులువనిపించింది. సులువు. అంతకంటే ఏమీ లేదు.

"చూశానప్పా. కొంచెం తడిగానే ఉంది" అన్నాను. ఈసారి తెలుగులోనే.

ఆమె పెద్ద ఊపిరి వదిలింది. ముఖం తేటపడింది.

"అమ్మయ్య. ఇక తెలిసిపోనాది. గల్తీ నాదే. ఇన్నాళ్ళూ నీ మీద అనుమానం పెట్టుకున్నాను తమ్ముడా. నా మీద నువ్వెందుకు అబద్ధం ఆడావో అని రోజూ కుమిలిపోయేదాన్ని. నీ గురించి తప్పుగా అనుకున్నాను." నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "మనసులో పెట్టుకోకు. నన్ను మాఫ్ చెయ్యి."

ఆమె చేతులు గరుకుగా ఉన్నాయి, ఎండిన కొబ్బరి పీచులా. ఎంత పొడిగా ఉన్నాయో.

"పర్లేదప్పా" అన్నాను.

ఆ మాటే అన్నాను. క్షమించాను ఆమెని. తువ్వాలు సర్దుకుని వరసలోకి వెళ్ళి చివర నిలబడింది. ముందున్న చోటు పోయింది కదా. నేను సరుకు పంపించి, సంతకం పెట్టి, ఇంటికి వచ్చి భోజనం చేశాను.

రూతు చెప్పిన పగిలిన చేతులు, రక్తం, లాక్కున్న తువ్వాలు, ఇవన్నీ ఆ తర్వాతివి. ఏ ఏడాది నుంచని రంగత్‌లోనే రూతుని అడిగి లెక్కపెట్టుకున్నాను. ఫీనిక్స్ బేకి ముందు తుడుచుకునేదట గాని అంతగా కాదు. ఆ ఏడాది నుంచే ఎక్కువైందట. ఎందుకో తెలియదని అంది రూతు.

ఈ కాగితాలు రూతుకి పంపాలి, తనకి తెలుగు చదవడం వచ్చు. పంపుతానని మీకు మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో మీరు చూశారు. తపాలా కవరు మీద అడ్రసు మాత్రం రాసి పెట్టాను. క్షమించమని ఎక్కడా రాయలేదు, వెతికి చూశాను. ఆ మాట ఎస్తేరప్ప నన్ను అడిగాక నేను ఇంకెవరినీ అడగలేను.

మొత్తం చెప్పేశాను. ఇక దాచినది ఏమీ లేదు. అలసటగా ఉంది. అయినా ఇవాళ ఊపిరి కొంచెం లోపలిదాకా వెళుతోంది.